పావు వంతు

పూర్ణా మార్కెట్ వెనక సందులో కొన్న గాజు పెట్టె,
రెండడుగుల పొడవు, యాభై లీటర్ల లోతు.
జాలరిపేటలో మా ఇంటి మెట్ల కింద పెట్టాను.
మా మామ్మ కొర్లమ్మ గంప దించి
నడుం మీద చెయ్యేసుకుని చూసింది.
"సముద్రం గుమ్మం ముందుంటే
సేపకి అద్దిల్లు కట్టీసేవేట్రా?"

మొదటి ఆదివారం నేను చేసిందంతా శుభ్రమే.
ఉన్న నీళ్ళన్నీ తోడేశాను,
గులకరాళ్ళు కుళాయి కింద గలగలా రుద్దాను,
ఫిల్టరు స్పాంజిని తెల్లబడేదాకా పిండి
కార్పొరేషన్ నీళ్ళు పైదాకా నింపాను.
బుధవారానికి మూడు గప్పీలు వెల్లకిలా.
నీళ్ళు మాత్రం ఎంత తేటగా ఉన్నాయంటే
వాటి వెనక గోడ మీద
కేలండర్లో వర్జ్యం చదువుకోవచ్చు.

దొండపర్తి చేపల కొట్టు జిలానీ భాయ్
చచ్చినవాటి లెక్క అడగలేదు.
"స్పాంజి ఎక్కడ కడిగావు?" అన్నాడు.
చిన్న సీసాలు రెండు చేతిలో పెట్టాడు.
గాజు గొట్టంలో ఐదు మిల్లీలీటర్లు,
ఒక్కోదాన్నుంచి ఎనిమిదేసి చుక్కలు,
మూత పెట్టి కుదిపి ఐదు నిమిషాలాగాలి.
పసుపు వస్తే బతుకు.
నాకొచ్చింది పచ్చి జామకాయ రంగు.

చేప వదిలిందీ, తినక మిగిల్చిందీ
నీళ్ళలోనే విషమవుతుందట.
ఆ విషాన్ని అన్నంగా తినే జనం
కంటికి ఆననంత చిన్నవాళ్ళు
ఆ స్పాంజి చిల్లుల్లో, రాళ్ళ జిగురులో
కాపురముంటారట.
మురికనుకుని నేనొక పేటని ఖాళీ చేయించాను
నోటీసైనా ఇవ్వకుండా,
పైగా క్లోరిన్ నీళ్ళతో.

"నీళ్ళు ముదరాలి భాయ్, నెల పడుతుంది."

నెలంతా
లేని చేపకి మేత వేశాను.
పొద్దున చిటికెడు, సాయంత్రం చిటికెడు.
రాత్రి బకెట్లో పట్టిన నీళ్ళు తెల్లారేదాకా తెరిచి ఉంచి,
తరిగినంతే పోశాను.
నోటు పుస్తకంలో రంగులు రాసుకున్నాను:
జామకాయ, నిమ్మకాయ, పసుపు.
రెండో పరీక్ష గొట్టం
నేరేడుపండు దగ్గర రెండు వారాలు మొండికేసి
ఒక శుక్రవారం ఆకాశంలోకి దిగింది.
ఈలోగా మామ్మ
ఎంవీపీ కాలనీ సెక్టార్లన్నీ తిరిగి
పండుగప్పలతో పాటు ఈ కబురూ అమ్మింది:
"మా గుంటడు నీల్లని పెంచుతున్నాడమ్మా."

తర్వాత మోలీలు వచ్చాయి, ఆరు.
ఆ వెనకే తుఫాను.

రెండు రాత్రులు కరెంటు లేదు.
గాలి మిషను ఆగింది.
పడవలన్నీ రోడ్డు మీదకి లాగి కట్టి
నేను తడిసిన గోడకి ఆనుకుని నిద్రపోయాను.
నడిరేయి ఏదో ధార చప్పుడు.
కప్పు కారుతోందనుకుని లేచాను.

కొవ్వొత్తి వెలుగులో మామ్మ
బియ్యం డబ్బా మీద కూర్చుని
పెట్టెలోంచి చెంబుతో ముంచుతోంది,
భుజమెత్తు లేపి పోస్తోంది,
మళ్ళీ ముంచుతోంది.
బుడగలు అడుగుదాకా దిగుతున్నాయి.
నీటి పైకొచ్చి నోళ్ళు తెరిచిన మోలీలు
ఒక్కొక్కటే కిందకి మళ్ళుతున్నాయి.

"నీకెవరు చెప్పారు మామ్మా?"

"ఊపిరాడనప్పుడు సేప నోరు ఎలాగెడతాదో
నాకొకరు సెప్పాలేటి?
నలపయ్యేళ్ళు గంపలో సూసేను."

చెంబు అందుకోబోయాను, ఇవ్వలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం పావు వంతే తీస్తాను.
స్పాంజిని ఆ తీసిన నీళ్ళలోనే
మెత్తగా రెండుసార్లు నొక్కుతాను.
మిగతావి కరివేపాకు మొక్కకి,
అది పక్కింటి గోడ దాటింది.
ఉప్పుగాలికి పెట్టె మూత మేకులు తుప్పెక్కాయి,
గాజు మీద పచ్చని నాచు సన్నగా పాకింది.
గీకబోతే మామ్మ ఊరుకోదు.
పెద్ద మోలీని చూసినప్పుడల్లా మాత్రం
కేజీకెన్ని తూగుతాయని అడుగుతూనే ఉంది.

నిన్న పరీక్ష గొట్టం నా చేతిలోంచి లాక్కుని
ఎండకెత్తి, ఒక కన్ను మూసి,
"పసుపే" అని తేల్చేసింది.
రెండు కళ్ళకీ శుక్లాలున్న మనిషి.

ఆమె లోపలికెళ్ళాక
మళ్ళీ ఎనిమిది చుక్కలు వేశాను.